ట్రయల్ గడువు ముగిసి మన పని లోపలే ఉండిపోతే: దాన్ని బయటికి తెచ్చుకునే పద్ధతి

కడియపులంకలో ఒక నర్సరీ. గేటు దగ్గర లారీ సగం లోడైంది. అడుగున మామిడి అంట్లు, పైన క్రోటన్ సంచులు. లోపల రేకుల షెడ్డులో ఓనరు గారి అబ్బాయి కంప్యూటర్ ముందు నిలబడిపోయాడు. తెర మీద ఒకటే మాట: మీ ఉచిత ట్రయల్ ముగిసింది, ప్లాన్ ఎంచుకోండి. ఆ డబ్బా వెనకాల నిన్నటి బిల్లుల జాబితా మసగ్గా కనిపిస్తూనే ఉంది, కానీ ఎక్కడ నొక్కినా కదలడం లేదు. "రాత్రి పడుకునేదాకా బానే వచ్చిందండి బాబాయ్ గారూ, పొద్దున్నే ఇలా అయిపోయింది" అన్నాడు. రెండు వారాలుగా ఎవరికి ఎన్ని మొక్కలు వెళ్లాయో, ఎవరు ఎంత బాకీయో అంతా అందులోనే ఉంది. కాగితం మీద ఒక్క ముక్క లేదు.

నేను కడియం, రావులపాలెం చుట్టుపక్కల చిన్న వ్యాపారులకు లెక్కలు రాస్తాను, డీటీపీ పని కూడా చేస్తాను. ఇలాంటి ఫోన్లు నాకు తరచూ వస్తుంటాయి. పెళ్లి ఆల్బమ్ డిజైన్ చేసే కుర్రాడు, పాలిటెక్నిక్ విద్యార్థి, రొయ్యల మేత డీలరు... అందరి మొదటి మాట ఒకటే: "మొత్తం పోయిందండి." చాలాసార్లు ఏమీ పోదు. సాఫ్ట్‌వేర్ వేరు, అందులో మీరు చేసిన పని వేరు. గడువు తీరేది సాఫ్ట్‌వేర్‌కి. మీ పని ఎక్కడుందో తెలిస్తే దాన్ని తెచ్చుకునే దారి కూడా దొరుకుతుంది.

ముందుగా: తెర ఫొటో తీయండి, ఇంకేమీ ముట్టుకోకండి

గడువు ముగిసిన మెసేజ్ కనిపించగానే ఫోన్‌తో దాన్ని ఫొటో తీయండి. ఏ మెయిల్ ఐడీతో లేదా ఏ ఫోన్ నంబరుతో లాగిన్ అయ్యారో, ఈ రోజు తేదీ ఎంతో ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత కంపెనీకి రాయాల్సి వస్తే వాళ్లు మొదట అడిగేది ఇవే.

సాఫ్ట్‌వేర్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయొద్దు. తీసేసి మళ్లీ వేస్తే ట్రయల్ మళ్లీ వస్తుందని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. సాధారణంగా రాదు. పైగా కొన్ని సాఫ్ట్‌వేర్లు తీసేటప్పుడు తమ డేటా ఫోల్డర్‌ని కూడా తుడిచేస్తాయి. కొత్త మెయిల్‌తో కొత్త ఖాతా తెరిచినా ఉపయోగం లేదు. అందులో మీ పాత బిల్లులు ఉండవు. లోపల ఖాళీ పుస్తకం కనిపించేసరికి టెన్షన్ ఇంకా పెరుగుతుంది.

కంప్యూటర్ తేదీని వెనక్కి తిప్పడం ఇంకో పాత చిట్కా. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు ఇంటర్నెట్‌లో అసలు తేదీని చూసుకుంటాయి కాబట్టి అది పనిచేయకపోగా, బ్యాంకు వెబ్‌సైట్ల నుంచి మెయిల్ దాకా సెక్యూరిటీ సర్టిఫికెట్ తప్పని చెప్పి తెరుచుకోవు. కొత్తగా సేవ్ చేసిన ఫైళ్లకు పాత తేదీలు పడి, ఏది చివరిదో తెలియకుండా పోతుంది. ఇక క్రాక్, అంటే డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేర్ తాళం విరగ్గొట్టే దొంగ ఫైలు, సంగతి గట్టిగానే చెబుతాను: వేయకండి. యాంటీవైరస్ ఆపేసి ఇది రన్ చేయండి అని రాసి ఉన్న ఏ ఫైలూ మీ మేలు కోరి పెట్టింది కాదు. ట్రయల్ అయిపోతే ఒక సాఫ్ట్‌వేర్ మూతపడుతుంది. ర్యాన్సమ్‌వేర్ (డబ్బు గుంజడానికి ఫైళ్లకు తాళం వేసే వైరస్) వస్తే కంప్యూటర్‌లో ఉన్న పిల్లల ఫొటోలతో సహా అన్నీ తాళం పడిపోతాయి.

లారీని మాత్రం ఆపక్కర్లేదు. ఆ రోజు అటక మీద నుంచి పాత బిల్లు పుస్తకం దింపి, చేత్తో బిల్లు రాసి పంపించేశాం. నంబరు వరుస తప్పకుండా, మసగ్గా కనిపిస్తున్న చివరి బిల్లు నంబరు చూసుకుని దాని తర్వాతిది వేశాం.

మీ పని ఎక్కడ ఉందో తేల్చుకోండి

ఇది తేలితే సగం పని అయినట్టే. ఉండేది రెండు చోట్లే: మీ కంప్యూటర్‌లో, లేదా ఆ కంపెనీ సర్వర్‌లో.

తెలుసుకోవడం తేలిక. మీ ఫోన్‌లోంచి అదే ఖాతాతో లాగిన్ అయినప్పుడు అవే లెక్కలు కనిపించేవా? అయితే అవి సర్వర్‌లో ఉన్నాయి. కరెంటు ఉండి నెట్ లేనప్పుడు కూడా పని చేసుకోగలిగేవారా? అయితే చాలావరకు మీ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. వర్డ్, ఎక్సెల్, ఫొటోషాప్, ప్లాన్ బొమ్మలు గీసే ఆటోక్యాడ్, లెక్కలు రాసే ట్యాలీ ఇలా కంప్యూటర్‌లో ఉండే రకం. బ్రౌజర్‌లోనో, ఫోన్ యాప్‌లోనో నడిచే బిల్లింగ్, స్టాకు, డిజైన్ సేవలు చాలావరకు సర్వర్‌లో ఉండే రకం.

కంప్యూటర్‌లో ఉంటే

ముందు కాపీ చేయండి, తెరిచి చూసేది తర్వాత. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వెతికే పెట్టెలో ఫైలు రకం పేరు, అంటే ఫొటోషాప్‌కి పీఎస్‌డీ, ఆటోక్యాడ్‌కి డీడబ్ల్యూజీ, వర్డ్‌కి డాక్‌ఎక్స్ లాంటిది, చుక్కతో కలిపి ఇంగ్లిష్‌లో కొట్టి, వచ్చినవాటిని తేదీల వరుసలో పెట్టుకుంటే ఇటీవలి పని అంతా పైన కనిపిస్తుంది. దాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లో, ఇంకోచోట కూడా పెట్టండి. అప్పుడు మాత్రమే వేరే సాఫ్ట్‌వేర్‌తో కాపీని తెరవండి. అసలు ఫైలుని కదపొద్దు.

వర్డ్, ఎక్సెల్ వాళ్లకు పెద్ద బెంగ అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ 365 ట్రయల్ నెల రోజులు. అది ముగిశాక కూడా ఫైళ్లు తెరుచుకుంటాయి, ప్రింటు కూడా వస్తుంది, దిద్దడం, కొత్తవి చేయడం మాత్రం కుదరదు. లిబ్రేఆఫీస్ పూర్తిగా ఉచితం, ఆ ఫైళ్లను తెరిచి దిద్దనిస్తుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నవాళ్లు ఒకటి చూసుకోవాలి: ఉచితంగా ఉండేది 5 జీబీ. ట్రయల్‌లో అంతకంటే ఎక్కువ నింపి ఉంటే కొత్తవి ఎక్కవు. ఉన్నవాటిని ఆలస్యం చేయకుండా దింపేసుకోండి, ఎక్కువ నెలలు అలా వదిలేస్తే తీసేసే హక్కు వాళ్లకు ఉంటుంది.

ట్యాలీ లైసెన్సు లేకపోతే ఎడ్యుకేషనల్ మోడ్‌లో తెరుచుకుంటుంది. అందులో నెలకు 1, 2, 31 తేదీల్లో మాత్రమే వోచర్లు, అంటే లెక్కల నమోదులు, పడతాయి. 14వ తేదీ కొబ్బరి కొనుగోలు ఎక్కడం లేదని అంబాజీపేట నుంచి ఒకాయన ఫోన్ చేస్తే సంగతి అదే అయింది. పాత లెక్కలు ఎక్కడికీ పోలేదు. పైన డేటా మెనూలో, అంటే ఆల్ట్‌తో వై నొక్కితే, బ్యాకప్ ఉంటుంది. అది తీసుకోండి. ఆల్ట్‌తో ఇంగ్లిష్ అక్షరం 'ఈ' నొక్కితే ఎక్స్‌పోర్ట్ వస్తుంది. డే బుక్, లెడ్జర్లు, బాకీల జాబితా ఎక్సెల్‌లోకి, పీడీఎఫ్‌లోకి తీసి పెట్టుకోండి. బ్యాకప్ మళ్లీ ట్యాలీలోనే తెరుచుకుంటుంది, ఎక్సెల్ మాత్రం ఎక్కడైనా తెరుచుకుంటుంది. రెండూ కావాలి.

ఆటోక్యాడ్ బొమ్మలు చూడటానికి, ప్రింటు తీయడానికి డీడబ్ల్యూజీ ట్రూవ్యూ ఉచితంగా దొరుకుతుంది. ప్రాజెక్టు వర్క్ చేసే విద్యార్థులు కాలేజీ ఐడీతో ఆటోడెస్క్ విద్యార్థి లైసెన్సుకి దరఖాస్తు చేసుకుంటే ట్రయల్ గొడవే ఉండదు. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు ఒక జాగ్రత్త: ప్రాజెక్టు ఫైలులో వీడియో ఉండదు. ఏ క్లిప్పు ఎక్కడుందో, ఎక్కడ కోశారో ఆ గుర్తులు మాత్రమే ఉంటాయి. కెమెరా కార్డు ఖాళీ చేసేసి, ప్రాజెక్టు ఫైలు ఒక్కటే దాచుకుంటే తర్వాత చేతికి ఏమీ రాదు.

తెలుగు డిజైన్ ఫైళ్ల విషయంలో కొంచెం ఎక్కువ జాగ్రత్త

శుభలేఖలు, ఫ్లెక్సీలు, పెళ్లి ఆల్బమ్‌లు చేసేవాళ్ల దగ్గర నేను చూసిన ఇబ్బంది వేరు. ఫొటోషాప్ ట్రయల్ 7 రోజులే. అది మూతపడినా పీఎస్‌డీ ఫైలు హార్డ్‌డిస్క్‌లోనే ఉంటుంది. ఫొటోపీ అనే వెబ్‌సైట్ బ్రౌజర్‌లోనే దాన్ని లేయర్లతో సహా తెరుస్తుంది. గింప్ కూడా తెరుస్తుంది. కొన్ని ఎఫెక్టులు కాస్త తేడాగా కనిపించొచ్చు, కానీ ఫొటోలు, అమరిక వచ్చేస్తాయి.

తంటా అంతా అక్షరాలతో. మన దగ్గర డీటీపీలో చాలాకాలంగా అను ఫాంట్లు వాడుతున్నాం. అవి యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్ అయినా తెలుగును తెలుగుగానే గుర్తించే పద్ధతి, కావు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన స్థానాల్లో తెలుగు రూపాలు కూర్చి చేసినవి. ఆ ఫాంట్ లేని చోట ఫైలు తెరిచి ఆ లేయర్‌ని ముట్టుకోగానే "చి.ల.సౌ." ఉండాల్సిన చోట అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, సున్నాలు, కొమ్ములు వస్తాయి. పాలకొల్లులో ఒక ఆల్బమ్ డిజైనరు అది చూసి ఫైలు చెడిపోయిందనుకుని, ముప్పై పేజీలు మళ్లీ మొదటి నుంచి కట్టడానికి కూర్చున్నాడు. ఫైలు చెడలేదు, ఫాంట్ లేదంతే.

ట్రయల్ ఇంకా నడుస్తుంటే మూడు పనులు చేయండి. పూర్తయిన ప్రతి పేజీని పీడీఎఫ్‌గానూ, పెద్ద సైజు జేపెగ్‌గానూ తీయండి. పీడీఎఫ్‌లో ఫాంట్లు లోపలే కూర్చుంటాయి కాబట్టి ప్రెస్సులో ఎక్కడ తెరిచినా అక్షరాలు నిలబడతాయి. రెండోది, పేర్లు, ముహూర్తం, చిరునామాలు ఉన్న తెలుగు మాటలన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చి ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో దాచండి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే పనిముట్లు నెట్‌లో దొరుకుతాయి. మార్చాక ఒత్తులు, అరసున్నలు ఒకసారి కళ్లతో చదివి చూడాలి. శుభలేఖలో గోత్రం తప్పు పడితే తర్వాత దిద్దుకునే దారి ఉండదు. మూడోది, ఇకమీదట కొత్త పనికి యూనికోడ్ ఫాంట్లే వాడటం మొదలుపెట్టండి. మండలి, రామభద్ర, సూరన్న, గురజాడ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. అవి ఏ కంప్యూటర్‌లో వేసుకున్నా ఒకేలా వస్తాయి.

కంపెనీ సర్వర్‌లో ఉంటే

నర్సరీది ఇదే రకం. ఇక్కడ ఈ వరుసలో వెళ్లండి.

యాప్ మూసుకుపోయినా బ్రౌజర్‌లో లాగిన్ అయి చూడండి. బిల్లు చేసే పేజీ తెరుచుకోకపోయినా సెట్టింగ్స్, ఖాతా, రిపోర్ట్స్ పేజీలు కొన్నిసార్లు తెరుచుకుంటాయి. ఎక్స్‌పోర్ట్, డౌన్‌లోడ్, బ్యాకప్ అనే మాటలు ఎక్కడున్నాయో వెతకండి. మాకు అక్కడ కస్టమర్ల జాబితా, వాళ్ల బాకీలు వచ్చాయి. ఏ బిల్లులో ఏ మొక్కలు వెళ్లాయో మాత్రం రాలేదు.

తర్వాత కంపెనీకి మెయిల్ చేయండి. ఫోన్ చేస్తే రికార్డు ఉండదు. పొడుగ్గా రాయక్కర్లేదు. ఖాతా మెయిల్ ఐడీ, వ్యాపారం పేరు, ట్రయల్ మొదలైన తేదీ, ముగిసిన తేదీ. ఆపైన మూడు వాక్యాలు: నా డేటా మొత్తం ఎక్సెల్ లేదా సీఎస్‌వీ రూపంలో కావాలి, అది అందేదాకా డిలీట్ చేయొద్దు, గడువు తర్వాత మీరు ఎన్ని రోజులు ఉంచుతారో చెప్పండి. సీఎస్‌వీ అంటే ఎక్సెల్‌లో తెరుచుకునే సాదా పట్టిక ఫైలు. తెర ఫొటో జతచేయండి. ఎన్ని రోజులు ఉంచుతారన్నది కంపెనీని బట్టి మారుతుంది, అందుకే ఆ మూడో వాక్యం తప్పకుండా ఉండాలి.

వాళ్ల జవాబు వచ్చేలోపు మీ చేతిలో ఉన్నవి పోగేయండి. బిల్లు చేయగానే వాట్సాప్‌లో పంపే అలవాటు చాలామందికి ఉంది. ఆ పీడీఎఫ్‌లన్నీ ఒక్కొక్క చాట్‌లో పేరు మీద నొక్కి డాక్స్ విభాగంలోకి వెళ్తే దొరుకుతాయి. నర్సరీ బిల్లుల్లో చాలావరకు అలాగే దొరికాయి. జీఎస్టీ ఉన్నవాళ్లకు ఇంకో ఆధారం ఉంది: దాఖలు చేసిన అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1 జీఎస్టీ పోర్టల్‌లోనే ఉంటుంది, మీ సరఫరాదార్లు చూపించిన కొనుగోళ్లు జీఎస్‌టీఆర్-2బీలో ఉంటాయి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటి సరుకు రవాణాకి ఈ-వే బిల్లు తీసి ఉంటే అది ఈ-వే బిల్లు పోర్టల్‌లో ఉంటుంది.

ఇవేవీ చాలకపోతే ఒక నెల డబ్బు కట్టండి. ఇది ఓడిపోవడమని చాలామంది అనుకుంటారు, నేను అనుకోను. రెండు వారాల లెక్కను మళ్లీ ఎక్కించే మనిషి కూలీతో పోల్చి చూడండి. అయితే "నెలకు ఇంత" అని రాసి ఉన్నా అది ఏడాది ఒప్పందమా, నెలనెలా మానుకోగలిగేదా అన్నది చిన్న అక్షరాల్లో చూసుకున్నాకే కట్టండి. మేము నెల ప్లానే తీసుకున్నాం. అదే మధ్యాహ్నం అంతా దింపుకున్నాం. ఆ తర్వాతే రద్దు చేశాం. ఈ వరుస ముఖ్యం, కొన్ని సేవలు రద్దు నొక్కిన క్షణమే తలుపు మూసేస్తాయి.

దింపుకున్న ఫైలు తెరిచే పద్ధతి

సీఎస్‌వీ ఫైలుని డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిచేసరికి నర్సరీ అబ్బాయి మళ్లీ తల పట్టుకున్నాడు. తాటిపాక, ముమ్మిడివరం అని తెలుగులో కొట్టిన ఊళ్ల పేర్లన్నీ పిచ్చి గుర్తులయ్యాయి. ఇది కూడా నష్టం కాదు. ఎక్సెల్‌ని ఖాళీగా తెరిచి, డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్ ఆర్ సీఎస్‌వీ ఎంచుకుని, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూనికోడ్ యూటీఎఫ్-8 పెట్టండి. తెలుగు తెలుగులా వస్తుంది. లిబ్రేఆఫీస్ కాల్క్‌లో అయితే ఫైలు తెరిచేటప్పుడే ఆ ప్రశ్న అడుగుతుంది, నాకు అదే సులువు.

అక్కడే ఇంకో జాగ్రత్త. బ్యాంకు ఖాతా నంబర్లున్న నిలువు వరుసని టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే ముందున్న సున్నాలు పోతాయి, 15 అంకెల తర్వాతవి సున్నాలైపోతాయి. ఆ ఫైలు అలాగే సేవ్ చేస్తే అసలు నంబరు తిరిగి రాదు. తేదీలు కూడా చూడండి. ఆగస్టు 5 కాస్తా మే 8 అయిపోతే ఏ బాకీ ఎన్నాళ్లదో ఆ లెక్క తప్పుతుంది.

ఆ తర్వాత లెక్క సరిపోయిందో లేదో చూడాలి. మొత్తం కస్టమర్లు ఎందరు, చివరి బిల్లు నంబరు ఎంత, మొత్తం రావలసిన బాకీ ఎంత. ఈ మూడూ తెర మీద ఉన్నదానితో కలవాలి. మాకు మొదట బాకీ తక్కువ వచ్చింది. చూస్తే, ఆ రిపోర్టు ఆ నెల ఒకటో తేదీ నుంచే లెక్క తీసింది. తేదీ వెనక్కి జరిపి మళ్లీ దింపితే పైసాతో సహా కలిసింది.

ఆటోపే సంగతి

ట్రయల్ మొదట్లో కార్డో యూపీఐయో అడిగి ఉంటే ఆటోపే, అంటే మన ఖాతాలోంచి దానంతట అదే డబ్బు పోయే ఏర్పాటు, దానికి అనుమతి ఇచ్చినట్టే. యాప్ తీసేస్తే అది రద్దు కాదు. యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి అక్కడ రద్దు చేయాలి, ప్లే స్టోర్ ద్వారా తీసుకుంటే సబ్‌స్క్రిప్షన్స్‌లో రద్దు చేయాలి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు కోయడానికి కనీసం 24 గంటల ముందు కబురు రావాలి. 15,000 రూపాయల లోపు అయితే మళ్లీ ఓటీపీ అడక్కుండానే పోతుంది కాబట్టి ఆ మెసేజ్‌ని ప్రకటన అనుకుని తుడిచేయకండి.

ఈసారి ట్రయల్ మొదలుపెట్టే రోజున

మొదటి రోజే మూడు ఉత్తుత్తి బిల్లులు చేసి, ఎక్స్‌పోర్ట్ చేసి, వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి. తెరుచుకోకపోతే అసలు లెక్కలు అందులో పెట్టకండి, ఎంత బాగున్నా సరే. జీఎస్టీ చట్టం లెక్కల పుస్తకాల్ని ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచమంటుంది. రెండు వారాల్లో మూతపడేదాన్ని నమ్ముకుని ఆరేళ్ల లెక్క నడపలేం.

గడువు తేదీని గోడ మీది క్యాలెండర్‌లో రాయండి, దానికి వారం ముందు ఇంకో గుర్తు పెట్టండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు రాగానే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో వాళ్లు గొడ్లను మొదటి హెచ్చరికకే ఏటిగట్టు మీదికి తోలేస్తారు. మూడోదాని దాకా ఉంటే పడవ కూడా దొరకదు. "ఇంకా 7 రోజులే" అన్న మెయిల్ మీకు ఆ మొదటి హెచ్చరిక. ఆ రోజే అంతా దింపండి, చివరి రోజు మిగిలినవి దింపండి. పెళ్లిళ్ల ముహూర్తాల్లోనో, మార్చి నెలాఖర్లోనో గడువు పడేటట్టు అసలు ట్రయల్ మొదలుపెట్టకండి.

ఆ నర్సరీలో ఇప్పుడు ప్రతి శనివారం సాయంత్రం, మొక్కలకు నీళ్లు పెట్టడం అయ్యాక, ఆ అబ్బాయి ఫైలు దింపి తేదీతో పేరు పెడతాడు. పెన్‌డ్రైవ్ వాళ్లమ్మ గారి బీరువా తాళాల గుత్తికి వేలాడుతుంటుంది. బిల్లు పుస్తకాన్ని మళ్లీ అటక ఎక్కించలేదు. కంప్యూటర్ పక్కనే ఉంది, తర్వాత వేయాల్సిన నంబరు ఉన్న పేజీలో పెన్ను పెట్టి.